ఎండకన్ను ఎరుగని చోటు

మూత్రపిండం మార్పిడి చేయించుకొన్నవాడు ఏడాదికొకసారి ఒంటిమీది బట్టలన్నీ విప్పి చర్మవైద్యురాలి ముందు నిలబడవలసి ఉంటుందని నాకెవరూ ముందుగా చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేనే వినలేదు. 2007లో బ్రిస్బేన్‌లో మా అక్క ఎడమ మూత్రపిండాన్ని తీసి, నా కుడి గజ్జకు కాస్త పైన అమర్చారు. ఇంటికి పంపే ముందు చేతికిచ్చిన చిన్న పుస్తకంలో ఆ సంగతి ఉంది. మొన్న వెతికి చూశాను. ఇరవై రెండో పుట. వెడల్పు టోపీ పెట్టుకొన్న తెల్ల ముసలాయన బొమ్మ, దాని పక్కన పది వాక్యాలు. ఆ బొమ్మను చూసే కాబోలు, ఇది నాకు సంబంధించినది కాదని పుట తిప్పేశాను.

అది తెల్లవాళ్ళ వ్యాధి అనుకొన్నాను. ఎండలో పది నిముషాలు నిలబడితే కందిపోయే చర్మం వాళ్ళది. తెనాలి దగ్గరి పల్లెలో, మే నెల మిట్టమధ్యాహ్నం నిమ్మతోటల్లో తిరిగి పెరిగిన ఒళ్ళు నాది. అక్కకు సంబంధాలు చూసే రోజుల్లో ఎవరైనా రంగు గురించి నసిగితే, "నలుపు నారాయణుడు మెచ్చు" అని మా నాయనమ్మ గట్టిగా అనేది. ఆ నారాయణుడి మెప్పును బీమా పత్రంలాగా భద్రంగా దాచుకొని నేను పదిహేనేళ్ళు గడిపాను.

ఈ టపా రాయడానికి రెండేళ్ళు తటపటాయించాను. నలుగురిలో చెప్పుకొనే మాట కాదు. గజ్జల్లో పుట్టిన మచ్చ గురించి ఒక మగవాడు రాసుకొంటే చదివేవారికీ ఇబ్బందే. ఐతే మూత్రపిండాల జబ్బు మన ఇళ్ళలో ఇప్పుడు అరుదైనదేమీ కాదు. మార్పిడి చేయించుకొన్నవారో, వారికి తమ మూత్రపిండం ఇచ్చిన అక్కలో తల్లులో మీ బంధువుల్లో కూడా ఉండే ఉంటారు. వారి కోసం రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మార్పిడి, లోకంలో మొదటిసారిగా చాలాకాలం నిలిచిన మార్పిడి. ఇచ్చిన రోనాల్డ్ హెరిక్, పుచ్చుకొన్న రిచర్డ్ హెరిక్ ఒకే రూపు కవలలు. రిచర్డ్ శరీరానికి తేడా తెలియలేదు గనుక ఏ మందుల అవసరమూ రాలేదు. మా అక్కా నేనూ ఒక తల్లి బిడ్డలమే గాని కవలలం కాము. ఆమె మూత్రపిండాన్ని నా ఒళ్ళు ఈనాటికీ పరాయిదిగానే ఎంచుతుంది. వీలు చిక్కితే దాడి చేసి నాశనం చేస్తుంది. ఆ వీలు చిక్కకుండా ఉండడానికే పొద్దున ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి మాత్రలు. నావి టాక్రోలిమస్, మైకోఫినొలేట్, ప్రెడ్నిసొలోన్. పెళ్ళిలో ఉన్నా, రైల్లో ఉన్నా, అంత్యక్రియల్లో ఉన్నా గడియారం ఎనిమిది కొట్టేసరికి నేను మంచినీళ్ళ కోసం వెతుక్కొంటాను.

ఆ మాత్రలు చేసే పని ఒంట్లోని కావలివాణ్ణి నిద్రపుచ్చడం. ఆ కావలివాడికి రెండు పనులున్నాయి. బయటినుండి వచ్చినవాణ్ణి తరమడం ఒకటి, లోపలే పుట్టి చెడిపోయినవాణ్ణి పట్టుకోవడం రెండు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల్లోని డీఎన్‌ఏను రోజూ కొంత పాడుచేస్తూనే ఉంటాయి. చాలాభాగం కణమే మరమ్మతు చేసుకొంటుంది. మరమ్మతుకు లొంగక దారితప్పిన కణాలను చాలావరకు ఆ కావలివాడు ఏరివేస్తాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత గాని, ఒంట్లో మాత్రం వాణ్ణి రోజూ పట్టే బంటు ఒకడున్నాడు. అక్క మూత్రపిండాన్ని కాపాడుకోవడానికి నేను మత్తు పెట్టినది వాడికే. ఒక పనికి నిద్రపోయి, మరొక పనికి మేలుకొని ఉండడం వాడికి రాదు.

దీని ఫలితం చర్మం మీద అందరికన్నా ముందు ఆస్ట్రేలియా వైద్యుల కంటపడడంలో ఆశ్చర్యం లేదు. మార్పిడి చేయించుకొన్నవారిలో చర్మక్యాన్సర్లు హెచ్చుతున్నాయని 1971లోనే సిడ్నీ వైద్యులు లాన్సెట్ పత్రికలో రాశారు. నేనుండే క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు లెక్క 1996లో వచ్చింది. మందులు మొదలుపెట్టిన ఏడాదికి నూటికి ఏడుగురిలో, పదకొండేళ్ళకు 45 మందిలో, ఇరవై ఏళ్ళకు 70 మందిలో చర్మక్యాన్సరు కనిపించింది. నూటికి 70 మంది! మామూలు జనంలో తరచుగా కనిపించేది బేసల్ సెల్ రకం. అది నెమ్మదిగా పెరుగుతుంది, ప్రాణం మీదికి తేవడం అరుదు. మార్పిడి చేయించుకొన్నవారిలో ఈ వరుస తిరగబడుతుంది. వీరిలో ఎక్కువగా వచ్చేది స్క్వామస్ సెల్ రకం, చర్మపు పైపొరలోని చదునైన కణాల్లో పుట్టేది. మామూలువారితో పోలిస్తే వీరికి అది వచ్చే అవకాశం నార్వే లెక్కలో 65 రెట్లు, స్వీడన్ లెక్కలో సుమారు వంద రెట్లు. పైగా వీరిలో అది మామూలువారిలో కన్నా దూకుడుగా పెరిగి, లసిక గ్రంథులకు పాకుతుంది.

పాత మందుల్లో ఒకటైన అజాథయోప్రిన్ మరొక అపకారం కూడా చేసేది. ఆ మందు తాలూకు పదార్థం ఒకటి డీఎన్‌ఏలోనే చేరిపోయి, మామూలుగా దానికి పట్టని అతినీలలోహిత-ఎ కిరణాలను పీల్చుకొనేటట్లు చేస్తుందని 2005లో తేలింది. ఎండ మారలేదు, ఒళ్ళే ఎండకు ఎక్కువగా తెరుచుకొన్నది.

ఈ అంకెలన్నిటికీ నా మనసులో ఒక ముఖముంది. చర్మ పరీక్షల గది బయట ఏటా కలిసే ఒక పెద్దాయన. ఉత్తరాన చెరకుతోటల్లో పనిచేసి బ్రిస్బేన్‌కు వచ్చి స్థిరపడినవారు. 1988లో మూత్రపిండం పెట్టించుకొన్నారు. అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్ల కాలం మనిషి. నాకు పరిచయమయ్యేటప్పటికే ఆయన చెవుల అంచులు లేవు. నుదుటి మీద తొడ చర్మం తెచ్చి అతికిన చదరం ఒకటి, పాతగోడకు కొత్త సున్నం వేసినట్లుండేది. ముంజేతులమీద కుట్ల గుర్తులు. "నలభై మూడు కోతలయ్యాయి, నలభై నాలుగోదానికి వచ్చాను" అని సంతలో ఎడ్ల బేరం చెప్పినట్లు చెప్పేవారు. 1981లో ఇక్కడి టీవీలో చొక్కా తొడుగు, లేపనం పూయి, టోపీ పెట్టు అని ఒక సముద్రపు కొంగ పాడుతూ గెంతే ప్రచారం మొదలైందట. "అది వచ్చేసరికే నాకు నలభై ఏళ్ళు నిండాయి. కాలిపోవలసినదంతా అప్పటికే కాలిపోయింది" అని నవ్వేవారు.

2015లో సిడ్నీ పరిశోధకులు, విటమిన్ బి3 లో ఒక రూపమైన నికోటినమైడ్ తీసుకొంటే కొత్త చర్మక్యాన్సర్లు నూటికి 23 పాళ్ళు తగ్గాయని ప్రకటించారు. ఆ పరిశీలన మార్పిడి చేయించుకొన్నవారిమీద చేసినది కాదు. అయినా పెద్దాయన డాక్టరుని అడిగి మొదలుపెట్టారు. నన్నూ వేసుకోమన్నారు. "చవకైన మాత్ర, పోయేదేముంది?" అని. మావంటివారి మీద విడిగా చేసిన పరిశీలన ఫలితం 2023లో వచ్చింది. 158 మందిలో చూశారు, లాభం కనిపించలేదు. ఆ వార్త వచ్చేనాటికి ఆయన లేరు. 2019లో చెవి దగ్గర పుట్టినది మెడలోని గ్రంథులకు పాకింది. మూత్రపిండం మాత్రం చివరిదాకా చక్కగా పనిచేసిందని ఆయన భార్య నాతో అన్నది. ముప్పై ఒక్క ఏళ్ళ మూత్రపిండం. ఆమె అది సంతోషంతో అన్నదో, నిష్ఠూరంతో అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంత దగ్గరగా చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. ఆ గదిలో వరుసగా కూర్చొన్న ముసలివాళ్ళ నడుమ నేనొక్కణ్ణే నల్లవాణ్ణి. పిలుపు వచ్చినప్పుడు అందరూ నావైపు, నువ్వెందుకొచ్చావు అన్నట్లు చూసేవారు. నాకూ అలాగే అనిపించేది. లోపలికి వెళ్ళి చొక్కా విప్పేవాణ్ణి. దీపమున్న చిన్న అద్దంతో ముఖం, మెడ, వీపు, చేతులు చూసేవారు. "మిగిలినది?" అని అడిగితే, "అక్కడేమీ లేదు, నడుముపైన చాలు" అనేవాణ్ణి. ఏడేళ్ళు ఆ మాటే అన్నాను. చూసేది ఒక అమ్మాయి, నా కూతురికన్నా పదేళ్ళు పెద్దదేమో. నాకు గౌరవమిచ్చి ఆవిడ ఊరుకొన్నారు. ఆ గౌరవం నేను బలవంతంగా పుచ్చుకొన్నది.

2021 వేసవిలో ఎడమ గజ్జ మడతలో ఒక మచ్చ కనిపించింది. పావలా బిళ్ళంత ఉంటుంది. గోధుమరంగు, పైన సన్నని పొలుసు. దురద అంతగా లేదు. బ్రిస్బేన్ ఉక్కపోత, నా వయసు, మన ఊళ్ళ అనుభవం మూడూ కలిసి ఒకే మాట చెప్పాయి - తామర. ఇంట్లో ఊరినుండి తెచ్చుకొన్న లేపనపు గొట్టమొకటి ఉంది. మందుల దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చేది. అందులో తామర మందుతోబాటు స్టెరాయిడ్ కూడా కలిపి ఉంటుంది. రాస్తే ఎరుపు తగ్గేది, మానేస్తే మళ్ళీ వచ్చేది. ఇలా పద్నాలుగు నెలలు. స్టెరాయిడ్ పని ఏమిటి? ఉన్నచోట మిగిలిన కాస్త కావలిని కూడా పడుకోబెట్టడం. ఆ సంగతి అప్పుడు తోచలేదు.

మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆమెకు తెలిస్తే వెంటనే డాక్టరు దగ్గరకు లాక్కుపోతుందని తెలుసు, అందుకే చెప్పలేదు. 2022 ఆగస్టులో పరీక్షకు వెళ్ళినప్పుడు చొక్కా తొడుక్కొంటూ, తలుపు దగ్గర నిలబడి, పోయేవాడు పోతూ అన్నట్లు, "ఇక్కడ చిన్న తామర ఉంది, ఏ లేపనం మంచిది?" అని అడిగాను. ఆవిడ కలం కింద పెట్టారు. "లేపనం పేరు చెప్పడానికి నేను చూడాలి కదండీ" అన్నారు. గొంతులో కోపం లేదు. చూశారు. అద్దం పెట్టి చాలాసేపు చూశారు. ఆ సేపట్లో గోడమీదున్న, చేతులు కడుక్కొనే పద్ధతి చెప్పే బొమ్మలన్నిటినీ నేను మూడుసార్లు చదివాను.

మత్తుసూది వేసి, పెన్సిలు మొన అంత ముక్క తీశారు. వారానికి ఫలితం వచ్చింది. బోవెన్ వ్యాధి. స్క్వామస్ సెల్ క్యాన్సరే, ఐతే ఇంకా పైపొర గోడ దాటనిది. గుమ్మంలో నిలబడి ఉన్న దొంగ అన్నమాట. మచ్చలో మానవ పాపిలోమా వైరస్ కూడా దొరికింది. పులిపిర్లు పుట్టించేదీ, స్త్రీలలో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరుకు కారణమయ్యేదీ ఆ కుటుంబపు వైరస్సులే. చాలామందికి అది తెలియకుండానే సోకుతుంది, చాలామంది ఒళ్ళు దాన్ని కొంతకాలానికి బయటికి తోసేస్తుంది. నా ఒంట్లో తోసేవాడు నిద్రలో ఉన్నాడు గదా.

"ఎండ తగలని చోట వచ్చిందేమిటి?" అని అడిగాను. ఎండకన్ను ఎరుగని పిల్ల అంటాం చూడండి, గారాబంగా పెరిగినదాన్ని గురించి. నా ఒంట్లో ఎండకన్ను ఎరుగని చోటంటూ ఉంటే అదొక్కటే. ఆవిడ చెప్పిన సమాధానం తర్వాత నేను చదివి తెలుసుకొన్నదానితో కలిపి రాస్తాను. ఫిలడెల్ఫియాలో మార్పిడి చేయించుకొన్న 413 మందిని, వారిలో సగానికి పైగా తెల్లవారు కానివారిని, తల నుండి పాదం దాకా చూసి 2016లో ఒక వ్యాసం ప్రచురించారు. తెల్లవారు కానివారిలో పదిహేనుమందికి చర్మక్యాన్సర్లు దొరికాయి. నల్లజాతివారిలో కనబడిన స్క్వామస్ సెల్ మచ్చలు ఎండ తగలని చోట్లలో ఉన్నాయి, వాటి వెనుక పాపిలోమా వైరస్ జాడలున్నాయి. ఆసియావారిలో మాత్రం ఎక్కువభాగం ఎండ తగిలే చోట్లలోనే, అందులోనూ భూమధ్యరేఖకు దగ్గరి దేశాలనుండి వలసవచ్చినవారిలో. అంటే మావంటివారు రెండు చోట్లా వెతుక్కోవాలి. నలుపు ఎండను కొంత ఆపుతుంది, నిజమే. పూర్తిగా ఆపదు. వైరస్సును అసలే ఆపదు.

నిజానికి ఎండతో పనిలేని చర్మక్యాన్సరు మనకు కొత్త కాదు. బొంబాయిలో ఖనోల్కర్, సూర్యాబాయి అనే శాస్త్రజ్ఞులు 1945లోనే ధోవతి క్యాన్సరు గురించి రాశారు. ఏళ్ళతరబడి నడుముచుట్టూ ఒకేచోట బిగించి కట్టిన పంచె ఒరిపిడికి మచ్చపడి, పుండై, అది క్యాన్సరుగా మారేది. చీరకట్టు బొందు కింద కూడా అలాగే వస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు నిప్పు లోపలికి పెట్టుకొని అడ్డచుట్ట కాల్చడం, అంగిట్లో పుండు పడడం మీరూ వినే ఉంటారు. ఇక అరికాళ్ళు, గోళ్ళ కింది చోటు. ముదురురంగు చర్మమున్నవారికి మెలనోమా వస్తే చాలాసార్లు అక్కడే వస్తుంది. పాటగాడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోటికింద మొదలై, 1981లో ప్రాణం తీసింది.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మన దేశంలో మార్పిడి చేయించుకొన్నవారికి చర్మక్యాన్సరు ఆస్ట్రేలియాలో వచ్చినట్లు రాదు. అక్కడ వారిని ముందుగా వేధించేవి అంటురోగాలు. చర్మం మీద కూడా తామర, పులిపిర్లు, చెమట పొక్కులే ఎక్కువ. డాక్టర్లు ముందు వాటినే చూస్తారు, చూడవలసినదీ అదే. ఐతే ఆరు వారాలు సరైన మందు వేసినా మానని తామర తామర కాకపోవచ్చుననీ, పులిపిరికాయ ఒకటి గట్టిపడి, పెరిగి, నెత్తురు కారితే చూపించాలనీ తెలిసి ఉండడం మంచిది. హైదరాబాదులో కూడా ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో అతినీలలోహిత సూచిక 11 దాటడం మామూలే. బ్రిస్బేన్ వేసవికి అది పెద్దగా తీసిపోయేదేమీ కాదు. నల్లబడతావని ఆడపిల్లలకు గొడుగు పట్టే దేశంలో, మాత్రలు మింగే మగవాడికి ఎవరూ గొడుగు పట్టరు. ఇది కాస్త విడ్డూరంగానే ఉంటుంది నాకు.

మచ్చను కోసి తీశారు. అంచులు శుభ్రంగా ఉన్నాయన్నారు. కుట్లు మానడానికి మూడు వారాలు. అంతటితో ఐపోతే ఈ కథ రాసేవాణ్ణి కాను. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది.

మూత్రపిండాల డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు. మందుల మోత తగ్గిస్తే చర్మానికి మంచిది. మరీ తగ్గిస్తే మూత్రపిండం పోతుంది. మధ్యేమార్గంగా మైకోఫినొలేట్ ఆపి, టాక్రోలిమస్ తగ్గించి, సిరోలిమస్ అనే మందు చేర్చవచ్చు. అది కావలివాణ్ణి నెమ్మదింపజేస్తూనే, పెరగమని కణాలకందే సంకేతానికి కూడా అడ్డుపడుతుంది. 2012లో వచ్చిన ఐరోపా పరిశీలనలో, అంతకుముందే ఒక స్క్వామస్ సెల్ క్యాన్సరు వచ్చిన 120 మందిని చూశారు. సిరోలిమస్‌కు మారినవారిలో నూటికి 22 మందికి, పాత మందులమీదే ఉన్నవారిలో 39 మందికి మళ్ళీ వచ్చింది. ఐతే మారినవారిలో నూటికి 23 మంది బాధలు తట్టుకోలేక ఆ మందు మానేశారు. నోటిపూత, కాళ్ళవాపు, మూత్రంలో ప్రోటీను పోవడం దాని చేష్టలు. ఆపైన, 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష, ఆ మందు తీసుకొన్నవారిలో క్యాన్సర్లు తగ్గాయని చెబుతూనే మరణాలు హెచ్చుగా కనిపించాయని కూడా చెప్పింది. ఆయన ఇవేవీ దాచలేదు. "నిర్ణయం మీది" అన్నారు. అడకత్తెరలో పోకచెక్కను నిర్ణయమడిగినట్లుంది.

సిరోలిమస్ పుట్టుక ఒక కథ. 1964లో కెనడావాళ్ళు పసిఫిక్ నడుమనున్న ఈస్టర్ దీవికి వెళ్ళి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవినుండి అది దొరికింది. ఆ దీవి అసలుపేరు రాపానుయి, అందుకని రాపమైసిన్ అన్నారు. ఇప్పటి పాకిస్తాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన సురేన్ సెహగల్ దానిమీద ఏళ్ళతరబడి పనిచేశారు. 1983లో కంపెనీ మాంట్రియల్ ప్రయోగశాల మూసేస్తే, ఆ సూక్ష్మజీవిని ఇంటికి తీసుకుపోయి శీతలపెట్టెలో దాచారు. 1999లో అది మూత్రపిండ మార్పిడికి మందుగా అమెరికాలో అనుమతి పొందింది. ఆయనకే పెద్దపేగు క్యాన్సరు వస్తే తన మందు తనే వేసుకొన్నారు, 2003లో పోయారు. టాక్రోలిమస్ కూడా మట్టిలోదే, 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికినది. నా ఒంట్లో ఎక్కడెక్కడి మన్నో ఉంది, అక్క మూత్రపిండంతోబాటు.

అక్కకు చెప్పాలి. అదే కష్టం. ప్రతి ఆదివారం ఆమె ఫోను చేస్తుంది. పదిహేనేళ్ళుగా మొదటిమాట ఒక్కటే: "ఏరా, అత్తారింట్లో మా పిల్ల కాపురం ఎలా ఉంది?" అని. తన మూత్రపిండాన్ని ఆమె పెళ్ళిచేసి పంపిన కూతురుగానే మాట్లాడుతుంది. నేను క్రియాటినిన్ చెబుతాను. ఇక్కడి కొలతలో 118, ఊరి కొలతలో 1.3. "బాగానే ఉన్నారులే మొగుడూ పెళ్ళాలు" అని నవ్వుతుంది. తన ఒంట్లో మిగిలినదాని సంగతి అడిగితే, "దానికేం, ఒంటికాయ శొంఠికొమ్ము" అని కొట్టిపారేస్తుంది. ఆపరేషన్ తర్వాత ఆమె ఎడమపక్క బరువు ఎత్తలేక చాలాకాలం బాధపడిందని బావగారు చెప్పేదాకా నాకు తెలియదు.

రెండు ఆదివారాలు అబద్ధమాడాను. మూడోనాడు క్రియాటినిన్ 131 అని చెప్పక తప్పలేదు. "అంతెందుకు పెరిగింది?" అన్నది. మందులు మారుస్తున్నారన్నాను. ఎందుకన్నది. ఒంటిమీద మచ్చ ఒకటి వచ్చింది, తీసేశారు, మళ్ళీ రాకుండా అన్నాను. కొంతసేపు అవతల ఏ చప్పుడూ లేదు. వెనకాల బోరింగు కొడుతున్నట్లు శబ్దం.

"మచ్చ ఎక్కడ?"

"కాలిమీదక్కా."

"కాలిమీద ఎక్కడ?"

నేను మాట్లాడలేదు.

"ఏరా, చెప్పడానికి సిగ్గా? ఏడో ఏడు వచ్చేదాకా నీకు నీళ్ళు పోసింది ఎవరు? అమ్మ పొలం పోతే ఒళ్ళంతా సున్నిపిండి పెట్టి తోమింది ఎవర్రా?"

చెప్పాను. ఎన్నాళ్ళనుండి అని అడిగింది. పద్నాలుగు నెలలన్నాను. తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను. తిట్టడం ఐపోయాక, "పిల్లకు కష్టమవుతుందని నువ్వు మందు మార్చకుండా ఉండకు. ఇల్లే కూలితే పిల్ల ఎక్కడుంటుందిరా?" అన్నది. తర్వాత గొంతు తగ్గించి, "నా ఒంటిమీద కూడా చూసుకోవాలా?" అని అడిగింది. నీకు ఆ మాత్రలు లేవక్కా, నీకు భయం లేదు అని చెబితే నమ్మడానికి మూడుసార్లు చెప్పించుకొన్నది. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

సిరోలిమస్ మొదలుపెట్టాను, కోత పూర్తిగా మానిన తర్వాతే. ఆ మందు గాయాలను తొందరగా మాననివ్వదు. మొదటి రెండు నెలలు నోటిపూతతో కారం తినలేక పెరుగన్నంతో గడిపాను. ఆవకాయ జాడీ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకొన్న మొదటి తెనాలివాణ్ణి నేనేనేమో. క్రియాటినిన్ 131 దగ్గర నిలిచింది. ఇప్పుడు ప్రతినెలా మొదటి ఆదివారం మా ఆవిడ నా వీపు, చెవుల వెనక, తొడల వెనక చూస్తుంది. మిగిలినది అద్దం పెట్టుకొని నేను చూసుకొంటాను. టోపీ, పొడుగుచేతుల చొక్కా, ఎండలేపనం మామూలైపోయాయి. ఎండ మానేసినందుకు విటమిన్ డి తగ్గితే దానికీ ఒక మాత్ర వచ్చి చేరింది.

పోయిన నెల పరీక్షకు వెళ్ళాను. అదే వైద్యురాలు. ఇప్పుడు అడగకుండానే అన్నీ విప్పుతాను. మేజోళ్ళు మాత్రం మరచిపోయాను. "అవి కూడా" అన్నారు. ఎడమ మడమ కింద పెసరగింజంత నల్లమచ్చ. ఎప్పటినుండి ఉందన్నారు, నేనెప్పుడూ నా అరికాలు చూసుకోలేదు. అద్దంతో చూసి, ఫొటో తీసి, పక్కన కొలబద్ద పెట్టి మరొకటి తీశారు. గీతలు పుట్టుమచ్చలాగానే ఉన్నాయట, మూడునెలల తర్వాత పోల్చి చూస్తానన్నారు. బయటికొచ్చి కారులో కూర్చొని, ఆదివారం దాకా ఆగకుండా, అక్కకు ఫోను చేశాను. అక్కడ అప్పుడే తెల్లవారుతున్నది. "కుడికాలా, ఎడమకాలా?" అన్నది ముందుగా.